దొంగ ఎలా వచ్చాడో కూడా రాయండి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ పత్రికలో దొంగతనం వార్త కనిపిస్తే ఇప్పుడు నేను వదలకుండా చదువుతున్నాను. ఏడాది క్రితం వరకూ హెడ్డింగ్ చూసి పేజీ తిప్పేసేదాన్ని. మా ఇంట్లో దొంగలు పడ్డాక ఆ అలవాటు మారింది. ప్రతి వార్తలోనూ ఒకటే వరస: ఇంట్లో వాళ్ళు ఊరెళ్ళారు, తాళం పగలగొట్టారు, బీరువా తెరిచారు, ఇంత నగదు, ఇన్ని నగలు పోయాయి, కేసు పెట్టారు. అంతే. "తాళం పగలగొట్టారు" అన్న ఆ రెండు మాటల దగ్గర నేను ఆగిపోతాను. ఏ తలుపు? ముందుదా, వెనకదా? తాళం విరిగిందా, గొళ్ళెం ఊడిందా, ద్వారబంధం చీలిందా? పగలా, రాత్రా? చదివేవాళ్ళకి పనికొచ్చేది అదే కదా. ఎంత పోయిందో తెలిస్తే అయ్యో పాపం అనుకుంటాను. ఎలా వచ్చాడో తెలిస్తే లేచి వెళ్ళి మా తలుపు చూసుకుంటాను.

మా సంగతి చెప్తాను. రెండు రోజులు ఊళ్ళో లేం. ముందు తలుపుకి బరువైన మంచి తాళం ఉంది, కొన్న రోజు ఇంటిల్లిపాదీ మెచ్చుకున్నాం. తిరిగొచ్చి చూస్తే ఆ తాళం వేసింది వేసినట్టే ఉంది. గడియ నాలుక బయటికి పొడుచుకునే ఉంది, దాని మీద చిన్న గీత కూడా లేదు. తలుపు మాత్రం బార్లా తెరిచి ఉంది. ద్వారబంధంలో గడియ వెళ్ళి కూర్చునే చోట ఒక ఇనుప రేకు ఉంటుంది చూశారా, అది గుమ్మం లోపల నేల మీద పడి ఉంది, దానికి రెండు స్క్రూలు వేలాడుతున్నాయి. ఒక్కోటి అర అంగుళం కన్నా కాస్త ఎక్కువ, అంతే. మరల్లో చెక్కపొట్టు ఇంకా ఇరుక్కుని ఉంది. అంటే అంత పెద్ద తాళాన్నీ ఇన్నేళ్ళూ పట్టుకుని ఉన్నది ఆ రెండు చిన్న స్క్రూలూ, వాటి చుట్టూ ఉన్న వేలెడు చెక్కా. ఒక ఇనుప రాడ్డు దూర్చి ఒకసారి ఎత్తితే ఊడొచ్చేసింది. "తాళం వేసితిని, గొళ్ళెం మరిచితిని" అని చిన్నప్పటి నుంచీ వింటున్న సామెత, అది మా ఇంటి గురించే పుట్టిందనిపించింది ఆ పూట.

తాళం అమ్మినాయన లీవర్లు ఎన్ని, ఇత్తడి ఎంత, డూప్లికేట్ తాళంచెవి ఎందుకు చేయలేరు, అన్నీ చెప్పాడు. మీ ద్వారబంధం ఎలాంటిది అని మాత్రం అడగలేదు. మేమూ చెప్పలేదు, మాకు తట్టలేదు.

తర్వాత చాలా చదివాను. చదివే కొద్దీ మనం దొంగ గురించి ఊహించుకునేది ఎంత తప్పో అర్థమైంది. తాళాన్ని నేర్పుగా, చప్పుడు లేకుండా విప్పేస్తాడని మన భయం. 1851లో లండన్‌లో ఒక పెద్ద ప్రదర్శన జరిగినప్పుడు హాబ్స్ అనే అమెరికన్ తాళాల నిపుణుడు, దశాబ్దాలుగా ఎవరూ తెరవలేకపోయిన బ్రామా తాళాన్ని తాళంచెవి లేకుండా తెరిచి చూపించాడు. దానికి ఆయనకి పట్టిన సమయం 51 గంటలు, 16 రోజుల మీద. అంతటి పనివాడికే అంత సేపు పట్టింది. మన ఇంటికొచ్చే దొంగకి అన్ని గంటలెక్కడివి, ఆ నేర్పూ అవసరం లేదు. చెక్క ఎక్కడ మెత్తగా ఉందో, స్క్రూ ఎక్కడ బయటికి కనిపిస్తోందో, కిటికీకి ఏ పక్క గడియ పడదో చూస్తాడు. తాళం జోలికే వెళ్ళడు.

అందుకే డబ్బు తాళానికి ఎంత పెట్టారో తర్వాత లెక్కేసుకోండి, ముందు వడ్రంగిని పిలవండి. ఆ ఇనుప రేకుని మందమైనది, పొడవైనది వేయించండి, 3 అంగుళాల స్క్రూలు పెట్టించండి, అవి పైచెక్కతో ఆగకుండా వెనక ఉన్న గట్టి భాగంలోకి దిగాలి. గడియ నాలుక ద్వారబంధంలోకి కనీసం ఒక అంగుళం వెళ్ళాలి. బందుల పక్క కూడా చూసుకోండి, ఈ సంగతి ఎవరూ చెప్పరు. తలుపు బయటికి తెరుచుకునేదైతే బందుల చీలలు బయటే ఉంటాయి, ఆ చీలలు కొట్టి లాగేస్తే తాళం వేసిన తలుపు రెండో పక్క నుంచి ఊడి వచ్చేస్తుంది. ఊడిరాని చీలలున్న బందులు దొరుకుతాయి, లేదా తలుపు మూసినప్పుడు ద్వారబంధంలోకి దిగే చిన్న ఇనుప ముక్కలు ఆ పక్క బిగించొచ్చు. సిలిండర్ తాళాలుంటే, ఆ సిలిండర్ (తాళంచెవి దూర్చే భాగం) తలుపు మీద నుంచి బయటికి పొడుచుకుని ఉందేమో వేలితో తడిమి చూడండి. 3 మిల్లీమీటర్ల కన్నా ఎక్కువ బయటికొస్తే పట్టకారుతో పట్టుకుని విరిచేయడం తేలిక.

ఇక బయట వేలాడే తాళం కప్ప. దీని గురించి కొంచెం గట్టిగానే చెప్తాను. అది ఎంత పెద్దదైతే అంత పెద్ద బోర్డు పెట్టినట్టు, ఇంట్లో ఎవరూ లేరని. పైగా చాలా ఇళ్ళలో కప్ప ఉక్కుది, అది వేలాడే గొళ్ళెం మాత్రం పల్చటి రేకు, దాని స్క్రూల తలలు బయటికే కనిపిస్తూ ఉంటాయి. ఒక స్క్రూడ్రైవర్ చాలు. కప్ప అలాగే ఉంటుంది, గొళ్ళెంతో సహా కింద పడి ఉంటుంది. తప్పదు, అదే వాడాలి అనుకుంటే గొళ్ళెం మూసినప్పుడు స్క్రూలు దాని కింద దాక్కునేలా ఉన్నది తీసుకోండి, కప్ప కొండీ పొట్టిగా ఉండాలి, రాడ్డుగానీ కట్టర్‌గానీ దూరే సందు ఉండకూడదు.

ఇదంతా చేసినా పట్టుబట్టి వచ్చేవాడు రాడా అని మా ఆడపడుచు అడిగింది. వస్తాడు. పగలని తలుపంటూ లేదు. కానీ మనం కొనుక్కునేది నిమిషాలు. యూరప్‌లో తలుపుల్నీ కిటికీల్నీ మనుషుల చేత పగలగొట్టించి పరీక్షిస్తారు, తరగతులు ఇస్తారు. అందులో ఇళ్ళకి మామూలుగా చెప్పే తరగతి ఏమిటంటే స్క్రూడ్రైవర్, పట్టకారు, చెక్క చీలల్లాంటి వాటితో కుస్తీ పడితే 3 నిమిషాలు ఆగాలి. మూడంటే మూడే. అంతేనా అనిపిస్తుంది. నెదర్లాండ్స్‌లో 1999 నుంచి కొత్తగా కట్టే ప్రతి ఇంటికీ తేలిగ్గా పగలని తలుపులూ కిటికీలూ ఉండాలని రూలు పెట్టారు. తర్వాత లెక్క తీస్తే అలాంటి ఇళ్ళలో దొంగతనాలు 26 శాతం తగ్గాయి. పోలీసుల్ని పెంచి కాదు, శిక్షలు పెంచి కాదు, స్క్రూలూ గడియలూ గట్టివి పెట్టి. చప్పుడు చేస్తూ మూడు నిమిషాలు గుమ్మంలో నిలబడటమంటే దొంగకి చాలా పెద్ద టెన్షన్, ఆ చప్పుడు వినే చెవులు చుట్టుపక్కల ఉంటే.

ఉంటే అన్నాను. మా ఎదురింటి పెద్దాయన ఆ రోజు చప్పుడు విన్నారు. రిపేరు పనేదో చేయించుకుంటున్నాం అనుకున్నారట. ఆ మాట చెప్తూ ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు, నేనే ఊరుకోబెట్టాల్సి వచ్చింది. తప్పు ఆయనది కాదు, మేం ఊళ్ళో ఉండటం లేదని ఆయనకి ఒక్క మాట చెప్పి వెళ్ళలేదు. లోకమంతటికీ తెలిసేలా స్టేటస్‌లో ప్రయాణం ఫొటోలు మాత్రం పెట్టాం. చెప్పాల్సిన వాళ్ళకి చెప్పలేదు, చెప్పకూడని వాళ్ళకి చెప్పాం. ఇప్పుడు మేం నాలుగిళ్ళ వాళ్ళం ఒక మాట అనుకున్నాం: ఎవరు ఊరెళ్ళినా మిగతా మూడిళ్ళకీ చెప్తారు, పేపరు, గుమ్మంలో పడే పార్సిళ్ళు తీసి పెడతారు, సాయంత్రం ఒక లైటు వేస్తారు, పని ఉందని ఎవరైనా వస్తే ఫోన్ చేసి అడుగుతారు. పెద్ద సంఘాలూ మీటింగులూ అక్కర్లేదు.

ఈ నాలుగిళ్ళ పద్ధతి మేం కనిపెట్టింది కాదు. ఇంగ్లండ్‌లో రాచ్‌డేల్ దగ్గర కర్క్‌హోల్ట్ అనే కాలనీలో 1986లో మొదలుపెట్టిన ప్రయోగం ఒకటుంది. అందరిళ్ళకీ ఒకేసారి భద్రత పెంచడం కుదరదు కాబట్టి, అప్పటికే దొంగలు పడ్డ ఇళ్ళ మీద దృష్టి పెట్టారు. ఆ ఇంటి తలుపులు బాగుచేశారు, చుట్టూ ఉన్న ఐదారిళ్ళ వాళ్ళని కలిపి ఆ ఇంటిని కనిపెట్టి ఉండమన్నారు, ఇళ్ళలో నాణేలు వేస్తే కరెంటు, గ్యాసు వచ్చే మీటర్లుండేవి, అందులో పోగయ్యే డబ్బు దొంగల్ని ఆకర్షిస్తోందని వాటిని తీసేయించారు. మూడేళ్ళలో మొత్తం కాలనీలో దొంగతనాలు సుమారు 75 శాతం తగ్గాయి. వాళ్ళు పట్టుకున్న అసలు విషయం ఏమిటంటే, ఒకసారి దొంగలు పడ్డ ఇంట్లో మళ్ళీ పడే అవకాశం మిగతా ఇళ్ళ కన్నా చాలా ఎక్కువ, అదీ మొదటి కొన్ని వారాల్లో. మనం దీనికి సరిగ్గా తిరగేసి ఆలోచిస్తాం, అయిపోయింది కదా, ఇక మన జోలికి రారులే అని. ఎందుకు రారు? ఏ గది ఎక్కడుందో తెలిసింది. తేలిగ్గా ఊడే తలుపు ఏదో తెలిసింది. పోయిన వాటి స్థానంలో కొత్తవి కొంటామనీ తెలుసు. మేం కూడా ఆ చీలిన ద్వారబంధానికి మేకులు కొట్టి పది రోజులు అలాగే నెట్టుకొచ్చాం. ఇప్పుడు తల్చుకుంటే గుండె జారిపోతుంది. దొంగతనం జరిగిన ఇంటికి బంధువులు వస్తారు, ఓదారుస్తారు, కొందరు జాగ్రత్త పడాల్సిందమ్మా అని కూడా అంటారు, ఆ మాట ఎంత గుచ్చుకుంటుందో అన్నవాళ్ళకి తెలీదు. వచ్చేవాళ్ళలో ఒక్కరైనా ఆ రోజే వడ్రంగిని వెంటబెట్టుకు వస్తే అంతకు మించిన సాయం లేదు.

కెమెరాల గురించి అందరూ అడుగుతారు. మా ఇంట్లో ఒకటి ఉండేది. రికార్డు అయ్యే పెట్టె టీవీ పక్కనే ఉండేది, టీవీతో పాటు అదీ పోయింది. కెమెరా గోడ మీద అలాగే ఉంది, చూసిందంతా చూసి. పెట్టుకునేవాళ్ళు ఆ పెట్టెని ఎవరికీ కనపడని చోట పెట్టి తాళం వేయండి, లేదా రికార్డింగ్ బయట ఎక్కడైనా కూడా దాచుకునేలా చూసుకోండి. తేదీ, టైము సరిగ్గా చూపిస్తున్నాయో లేదో చూడండి. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ మాత్రం మొదటి రోజే మార్చేయండి. 2016లో మిరాయ్ అనే వైరస్ లాంటి ప్రోగ్రాం లక్షల కెమెరాల్నీ ఇంటర్నెట్ పెట్టెల్నీ చేతిలోకి తీసుకున్నది అలా మార్చని పాస్‌వర్డ్‌ల వల్లే. మన పడకగది వైపు తిరిగి ఉన్న కెమెరాని ఎక్కడో ఎవరో చూడటం కన్నా ఘోరం ఉందా.

అలా అని పరికరాలు దండగ అనను. అమెరికాలో జైల్లో ఉన్న 422 మంది దొంగల్ని ఒక యూనివర్సిటీ వాళ్ళు అడిగితే, అలారం ఉందని తెలిస్తే వేరే ఇల్లు చూసుకుంటామని దాదాపు 60 శాతం మంది చెప్పారు. అసలు ఇంటికి కెమెరా పెట్టుకోవాలన్న ఆలోచన చేసింది ఎవరో చదివితే నాకు ఒళ్ళు పులకరించింది. న్యూయార్క్‌లో మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అనే నర్సు. డ్యూటీ వేళల వల్ల ఇంట్లో తరచూ ఒక్కతే ఉండాల్సి వచ్చేది, పిలిస్తే పోలీసులు రావడానికి ఆలస్యమయ్యేది. తలుపుకి వేర్వేరు ఎత్తుల్లో నాలుగు కంతలు, వాటి వెంబడి కదిలే కెమెరా, లోపల టీవీలో బయటివాళ్ళ బొమ్మ, వాళ్ళతో మాట్లాడే మైకు, ఆపదలో నొక్కే బటన్, అన్నీ కలిపి భర్తతో కలిసి 1966లో పేటెంట్‌కి పెట్టింది, 1969లో వచ్చింది. భయపడ్డ ఒక ఆడమనిషి కూర్చుని, తలుపు తీయకుండానే బయట ఎవరున్నారో నేనెలా తెలుసుకోవాలి అని ఆలోచించింది. మన ఇళ్ళలో పిల్లలకీ పెద్దవాళ్ళకీ ఇప్పటికీ నేర్పాల్సింది అదే, ముందు అడగడం, చూడడం, తర్వాతే గడియ తీయడం.

తాళంచెవుల సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. పూలకుండీ కింద, చెప్పుల స్టాండులో, మీటర్ పెట్టె మీద పెట్టకండి, దొంగ మొదట వెతికేది అక్కడే. కొత్త ఇంటికి మారితే సిలిండర్ మార్పించండి. గృహప్రవేశం సంతోషంలో తాళంచెవి చేత్తో పట్టుకుని ఫొటోలు పెడుతున్నారు, పెట్టకండి. ఫొటో చూసి తాళంచెవి తయారుచేయొచ్చని 2008లోనే కాలిఫోర్నియాలో శాస్త్రవేత్తలు చేసి చూపించారు.

ఇంకొకటి, ఇది దొంగ కన్నా ముఖ్యం. భయంతో ఇంటిని జైలు చేసుకోకండి. అన్ని కిటికీలకీ ఊడిరాని గ్రిల్ బిగించి, లోపల నుంచి కూడా తాళంచెవితోనే తీసే తలుపు పెట్టుకుంటే, నిప్పు అంటుకున్న రోజున బయటపడే దారి ఉండదు. ప్రతి పడకగది వైపూ లోపల నుంచి తాళంచెవి లేకుండా తెరుచుకునే గ్రిల్ ఒకటి ఉండాలి, అది ఎలా తెరవాలో పిల్లలకి కూడా తెలియాలి, చీకట్లో తీయించి చూడాలి. మా అత్తయ్యగారి చేత నేను కళ్ళు మూయించి మూడుసార్లు తీయించాను, మూడోసారికి చెయ్యి తడుముకోకుండా వెళ్ళింది.

మనుషులు ఇంట్లో ఉండగా దొంగ వస్తే? వస్తువులు వదిలేయండి. ఎదురుపడకండి, వాడు పారిపోయే దారికి అడ్డం నిలబడకండి. అందరూ ఒక గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుని ఫోన్ చేయాలి, ఆ గది ఏదో ముందే అనుకుని ఉండాలి, ఆ గదిలో రాత్రిపూట ఒక ఫోన్ ఛార్జింగ్‌లో ఉండాలి. బయట నుంచి వచ్చేసరికి తలుపు తెరిచి ఉంటే లోపలికి వెళ్ళకండి. నేను వెళ్ళాను. వెనకాలే మా అబ్బాయి కూడా వచ్చాడు. దొంగ అప్పటికి ఇంకా లోపలే ఉండి ఉంటే అనే ఆలోచన నన్ను ఇప్పటికీ రాత్రుళ్ళు లేపుతుంది. వీధిలోనే నిలబడి పోలీసులకి ఫోన్ చేయాల్సింది. లోపలికెళ్ళి అన్నీ తడిమి, బట్టలు సర్దేసి, ఉన్న వేలిముద్రలు కూడా నేనే చెరిపేశాను.

ఫిర్యాదులో రాయడానికి నా దగ్గర ఏ నంబరూ లేదు. ఫోన్‌లో *#06# కొడితే ఆ ఫోన్‌ని గుర్తుపట్టే 15 అంకెల ఐఎంఈఐ నంబరు వస్తుంది, అది రాసి పెట్టుకోవాలని తెలీదు. ల్యాప్‌టాప్ సీరియల్ నంబరు అట్ట పెట్టె మీద ఉండేది, ఆ పెట్టె ఎప్పుడో పారేశాం. నగలకి ఫొటోలు వెతికితే ఫంక్షన్ ఫొటోల్లో సగం సగం కనిపించాయి. ఒక ఆదివారం కూర్చుని అన్నిటికీ ఫొటోలు తీసి, నంబర్లు రాసి, ఇంట్లో కాకుండా వేరే చోట కూడా ఒక కాపీ పెట్టుకోండి.

నష్టం గురించి రాసేటప్పుడు పత్రికలు ఎప్పుడూ రాయనిది ఒకటుంది. మా అబ్బాయికి తొమ్మిదేళ్ళు. ఆ తర్వాత రోజూ పడుకునే ముందు వాడు తలుపు దాకా వెళ్ళి గడియ మీద చెయ్యి వేసి చూసుకుని వచ్చేవాడు. మళ్ళీ లేచి వెళ్ళేవాడు. కొత్త రేకు, పొడుగు స్క్రూలు పెడుతున్న రోజు వడ్రంగి వాణ్ణి పిలిచి స్క్రూడ్రైవర్ చేతికిచ్చి చివరి రెండు చుట్లు వాడి చేతే తిప్పించాడు. ఆ రాత్రి వాడు ఒక్కసారే లేచాడు.

కాబట్టి అయ్యా, మీకు నా విన్నపం చిన్నదే. ఇకపై దొంగతనం వార్త రాసేటప్పుడు నాలుగు లైన్లు కలపండి: ఏ వైపు నుంచి వచ్చాడు, ఏది ఊడింది, ఏ వేళప్పుడు, చుట్టుపక్కల వాళ్ళకి ఏం వినపడింది. ఇంటి నంబరు, మనుషుల పేర్లు అక్కర్లేదు, ఊళ్ళో లేని వాళ్ళ చిరునామా ఫొటోతో సహా వెయ్యడం మానేస్తే ఇంకా మంచిది. అలా రాస్తే దొంగలకి పాఠం చెప్పినట్టు అవుతుందని మీలో ఎవరైనా అనొచ్చు. దొంగకి ఇదంతా ముందే తెలుసు, తెలియనిది ఇంట్లో వాళ్ళకే. మీ విలేకరి పోలీసుల్ని అడిగే ప్రశ్నల్లో ఒక్క ప్రశ్న ఎక్కువ, అంతే కదా.

మా ద్వారబంధం నుంచి ఊడిపడ్డ ఆ పాత రేకుని నేను పారేయలేదు. రెండు స్క్రూలతో సహా దాని ఫొటో ఈ ఉత్తరంతో పంపుతున్నాను, పొడవు తెలిసేలా పక్కన స్కేలు పెట్టి తీశాను. చోటుంటే వెయ్యండి.

ఇట్లు,
మీ పాఠకురాలు